భూసంధానము, తటస్థబంధము: కర్మాగార పరివర్తకముల రక్షణయందొక పారిభాషిక విచారము

కర్మాగారముయొక్క ఆవరణములోనికి 11,000 వోల్టుల తీగలపై వచ్చు విద్యుత్తు అచ్చటి అవరోహణ పరివర్తకమునందు 433 వోల్టులకు దిగి యంత్రములకు చేరును. వాడుకలో ట్రాన్సుఫార్మరనబడు ఈ సాధనమును, దానివలన నడచు యంత్రములను, ఆ యంత్రములను ముట్టి పనిచేయు మనుష్యులను కాపాడుటకు రెండు విధములైన ఏర్పాటులు కలవు. ప్రవాహము మితిమీఱినపుడు వలయమును తెంచునది మొదటిది; ఫ్యూజు, సర్క్యూట్ బ్రేకరు ఈ కోవకు చెందినవి. లోహభాగములను భూమితో కలుపునది రెండవది. దీనినే 'ఎర్తు' అందురు. ఈ రెండును వేఱువేఱు రక్షణములని సామాన్యముగ బోధింపబడుచున్నది. మొదటిది పనిచేయుట రెండవదానిపై ఆధారపడియున్నదనియు, అది యెట్లు ఆధారపడియున్నదో ఆ విషయమును 'ఎర్తు' అను మాటయే మఱుగుపఱచుచున్నదనియు మేము భావించుచున్నాము. ఆ భావమునకు ఉపపత్తులు చూపుట ఈ వ్యాసోద్దేశము.

యంత్రశాలకు సంబంధించిన ఇట్టి విషయమునకు తెలుగుశాఖ పత్రికయందు స్థానమేమని కొందఱు శంకింపవచ్చును. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసిన నాటినుండియు శాస్త్రవిషయములను తెలుగున వ్రాయుట మన భాషావ్యవసాయములో నొక భాగముగనే యున్నది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత పాఠ్యగ్రంథముల పరిభాష కొంతవఱకు స్థిరపడినది. ఐనను వృత్తివిద్యల పాఠములకు, కర్మాగారముల గోడలపై వ్రాయు హెచ్చరికలకు, రైతులకు పంచు కరపత్రములకు కావలసిన తెలుగును సరిచూడుడని అడుగువారు నేటికిని తెలుగు అధ్యాపకులయొద్దకే వచ్చుచుందురు. కావ్యవ్యాఖ్యయందు మాట తప్పినచో అర్థమొక్కటియే చెడును. ఇచ్చట మాట తప్పినచో తీగ తప్పుచోటికి పోవును.

ముందు వస్తుస్వరూపమును చూతము. పరివర్తకమునందు రెండు జాతుల తీగచుట్టలు ఒకే యినుప దిమ్మెపై చుట్టబడియుండును. ఎక్కువ వోల్టేజి చేరునది ప్రధాన తీగచుట్ట. తక్కువ వోల్టేజి వెలువడునది గౌణ తీగచుట్ట. ఒకదానినుండి మఱొకదానికి శక్తి అయస్కాంతాభివాహము మూలమున చేరునే కాని, వాటి నడుమ లోహసంబంధ మేమియు నుండదు. మన దేశమున కర్మాగారములయందు సాధారణముగ వాడు పరివర్తకమున మూడు ప్రధాన తీగచుట్టలు త్రిభుజాకారముగను, మూడు గౌణ తీగచుట్టలు నక్షత్రాకారముగను కలుపబడియుండును. మొదటి అమరిక డెల్టా, రెండవది స్టారు. డెల్టా గ్రీకువర్ణమాలలో నాలుగవ యక్షరము. కృష్ణా గోదావరుల సాగరసంగమభూములకును అదియే పేరగుటచే మన విద్యార్థులకు ఆ యాకృతి వెంటనే స్ఫురించును. నక్షత్రముయొక్క మూడు చేతులును కలియు కేంద్రమునకు తటస్థబిందువని పేరు. అచ్చటినుండి వెలువడు నాలుగవ తీగయే న్యూట్రలు. సాధారణముగ నల్లతొడుగుతో నుండును గాన పనివారు దీనిని నల్లవైరనుట కలదు.

'తటస్థము' అను ననువాదము ముచ్చటైనది. తటముపై నిలిచినది తటస్థము, ప్రవాహమున దిగనిది. మూడు ఫేజులయందును సమానమైన ప్రవాహము పాఱునపుడు నాలుగవ తీగయందు ప్రవాహము శూన్యము గాన పేరు సార్థకమే. కాని యొక ఫేజున దీపములు, మఱొక ఫేజున పంకాలు, హెచ్చుతగ్గులుగ వెలిగినపుడును తిరిగినపుడును ఈ తటస్థుడు నీటిలో దిగకతప్పదు. దోషకాలమునందు తప్ప ఎన్నడును నీటిలో దిగరానిది వేఱొకటి కలదు; అది పచ్చతొడుగు గల ఎర్తుతీగ. నిజమైన తటస్థత్వము దానిది. ఐనను రూఢమైన మాటను ఇప్పుడు తలక్రిందులు చేయబూనుట తగదు.

ఈ నిర్మాణమునుండి తేలు ఫలితమొకటి కలదు. 11,000 వోల్టుల తీగలు మూడే వచ్చును. వాటితో నాలుగవ తీగ రాదు. కావున కర్మాగారములోని తటస్థము సరఫరాసంస్థ యిచ్చినది కాదు, ఆ పరివర్తకమునందే పుట్టినది. పరివర్తకము వోల్టేజిని తగ్గించు సాధనము మాత్రమే కాదు. తనకు దిగువనున్న వలయమంతటికిని అది క్రొత్త జన్మస్థానము. గౌణవలయమున పాఱు ప్రతి ప్రవాహమును ఆ నక్షత్రపు చుట్టలనుండి బయలుదేరి, త్రోవ యేదైనను, మఱల ఆ చుట్టలకే చేరవలెను.

లోకమున దీనికి విరుద్ధమైన వాక్యమొకటి వ్యాపించియున్నది: "కరెంటు భూమిలోకి పోతుంది." బడులయందును పొలములయందును దీనిని వినుచునే యున్నాము. పిడుగు విషయమున ఈ వాక్యము సత్యమే, ఏలనన మేఘమును భూమియు ఆ ప్రవాహమునకు రెండు ధ్రువములు. పరివర్తకమునందు పుట్టిన ప్రవాహమునకు భూమితో అట్టి సంబంధము లేదు. దానికి భూమి గమ్యము కాదు, త్రోవ మాత్రమే. అదియును మిక్కిలి చెడ్డ త్రోవ. ఎంత చెడ్డదో యొక లెక్కవలన తెలియగలదు.

ఒక మోటారులోపల ఫేజుతీగయొక్క విద్యుద్బంధకము చెడి, ఆ తీగ మోటారు ఇనుపతొడుగును తాకినదనుకొందము. 433 వోల్టుల వ్యవస్థలో ఫేజునకును తటస్థమునకును నడుమనుండు వోల్టేజి 250. మోటారుతొడుగు దాపుననున్న ఎర్తుగుంటకు కలుపబడినది. ఆ గుంటనిరోధము 4 ఓములు. పరివర్తకపు తటస్థబిందువు మఱొక గుంటకు కలుపబడినది. దాని నిరోధము 1 ఓము. రెండు గుంటలకు నడుమ మన్ను తప్ప వేఱు సంబంధము లేదు. మొత్తము నిరోధము 5 ఓములు గాన పాఱు ప్రవాహము 50 ఆంపియర్లు. ఆ మోటారు త్రోవలోని ఫ్యూజు 63 ఆంపియర్లదైనచో 50 ఆంపియర్లను అది ఎంతసేపైనను మోయును. అది కరగదు. దోషము నిలిచియుండును. మోటారుతొడుగుపై, చుట్టునున్న నేలతో పోల్చిచూడగా, 50 ఆంపియర్లను 4 ఓములతో గుణింపగా వచ్చు 200 వోల్టులు నిలుచును. ఆ తొడుగును ముట్టినవాని శరీరనిరోధము 1,000 ఓములనుకొన్నచో అతని దేహమున 200 మిల్లీ ఆంపియర్లు పాఱగలవు. ప్రాణరక్షణకై యిండ్లలో అమర్చు లీకేజి బ్రేకరులు 30 మిల్లీ ఆంపియర్లకే తెగునట్లు నిర్మింపబడుచున్నవని స్మరించినచో ఈ 200కు అర్థము తెలియును.

ఇంతలో గుంటయందేమి జరుగుచుండును? 50 ఆంపియర్లు 4 ఓములగుండ పాఱునపుడు 10 కిలోవాట్ల వేడి పుట్టును. ఆ వేడికి గుంటచుట్టునున్న మన్ను ఎండును; ఎండినకొలది నిరోధము పెరుగును; నిరోధము పెరిగినకొలది ప్రవాహము తగ్గి ఫ్యూజు కరగు ఆశ మఱింత దూరమగును. ఎర్తు ఉన్నది. మంచి గుంట కలదు, బొగ్గును ఉప్పును వేసిరి, నీరు పోసిరి. తనిఖీకి వచ్చినవారు చూచినచో లోపమేమియు కనబడదు. మనుష్యుడు మాత్రము చనిపోవును.

ఇపుడు ఆ మోటారుతొడుగునుండి పరివర్తకపు తటస్థబిందువువఱకు తెగని రాగిపట్టీ యొకటి వేసితిమనుకొందము. ఫేజుతీగ, ఈ పట్టీ, చుట్టలు అన్నియు కలిసి నిరోధము ఒక ఓములో పదవవంతు. 250 వోల్టులకు 2,500 ఆంపియర్లు పాఱును. 63 ఆంపియర్ల ఫ్యూజునకు ఇది నలుబదిరెట్ల ప్రవాహము. కరగుటకు సెకనులో పదవవంతైనను పట్టదు. అంతవఱకు తొడుగుపై వోల్టేజి ఉండకపోదు. అది నిలుచు కాలము మాత్రము కన్నుమూసి తెఱచునంతకన్న తక్కువకు దిగిపోవును. రెండు ఉదాహరణములయందును ఫ్యూజు ఒక్కటియే, దోషమొక్కటియే. భేదము తిరుగుత్రోవయందే యున్నది. ఫ్యూజు తనంతట తాను కాపాడదు. దానిని కరగించుటకు చాలినంత ప్రవాహము తిరిగివచ్చు త్రోవ యుండవలెను.

కాబట్టి 'ఎర్తు' అను నొక్కమాటక్రింద మూడు పనులు దాగియున్నవి. పరివర్తకపు తటస్థబిందువును మన్నుతో కలుపుట మొదటిది. యంత్రముల తొడుగులను మన్నుతో కలుపుట రెండవది. ఆ తొడుగులను లోహమార్గమున తటస్థబిందువుతో కలుపుట మూడవది. ఫ్యూజును పనిచేయించునది ఈ మూడవదే. ఇందు మన్నుతో పనియే లేదు. ఓడయందును విమానమందును కూడ ఈ పనిని చేయవచ్చును. ఐనను పని యిదియే యని ఆ మాట చెప్పదు. 'ఎర్తు చేయుము' అనగానే వినువాని మనస్సు గుంటకు పోవును, పలుగుపాఱలు చేతబట్టును.

ఈ సంకరము తెలుగునకు మాత్రమే కలిగినది కాదు, ఆంగ్లమునుండి మనకు సంక్రమించినది. బ్రిటిషువారు ఎర్తింగనియు, అమెరికావారు గ్రౌండింగనియు అన్నారు. రెండును మన్నునే చెప్పుచున్నవి. అమెరికా జాతీయ విద్యుత్ స్మృతియందలి 250వ ప్రకరణము పేరు మొదట గ్రౌండింగు మాత్రమే. తరువాత గ్రౌండింగు, బాండింగు అని రెండు మాటలుగ మార్చబడినది. జర్మనులు ఈ భేదమును చిరకాలము క్రిందటనే పాటించిరి: మన్నుతో కలుపుటకు 'ఎర్డుంగ్' అనియు, తటస్థముతో కలుపుటకు 'నుల్లుంగ్' అనియు వారి మాటలు. మొదటిదానిలో భూమి, రెండవదానిలో సున్న కలవు. రష్యనుభాషయందును ఇట్లే 'జజెమ్లేనియె', 'జనులేనియె' అను జంట కలదు. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము మాటలను వదలి అక్షరములను పట్టుకొన్నది. 'టి' యనగా ఫ్రెంచిలో భూమి, 'ఎన్' యనగా తటస్థము. మొదటి యక్షరము పరివర్తకపు స్థితిని, రెండవది యంత్రపు తొడుగు స్థితిని తెలుపును. 'టి-టి' యన్నచో రెండును వేఱువేఱుగ మన్నుతో కలుపబడినవని యర్థము; మన మొదటి లెక్క అదియే. 'టి-ఎన్' అన్నచో తొడుగులు లోహమార్గమున తటస్థముతో కలుపబడినవని యర్థము; అది రెండవ లెక్క. 'టి-టి' పద్ధతి దోషమని మా తాత్పర్యము కాదు. లీకేజి బ్రేకరుండి, ఫ్యూజుపై ఆశపెట్టుకొననిచోట అది చెల్లును. తన సొంత పరివర్తకము గల కర్మాగారమునకు మాత్రము 'టి-ఎన్' పద్ధతియే తగినది, ఏలనన తటస్థబిందువు తన ప్రహరిలోపలనే యున్నది.

అట్లైన మన్నుతో సంబంధమేల, గుంటలేల యను ప్రశ్న పుట్టును. వాటికి వేఱు ప్రయోజనములు కలవు. పిడుగుపాటు ప్రవాహము నిజముగనే భూమిని చేరవలసియున్నది. పరివర్తకములోపల బంధకము చెడి 11,000 వోల్టుల చుట్ట 433 వోల్టుల చుట్టను తాకినచో, తటస్థబిందువు మన్నుతో కలిసియున్నందున దిగువ తీగలన్నియు ఆ యెత్తునకు ఎగయక ఆగును. మఱియు తటస్థమును భూమితో ముడివేసినపుడే ఫేజులు భూమికి 250 వోల్టులకు మించక నిలుచును; ముడి లేనిచో తీగలు గాలిలో తేలుచున్నట్లే. గుంటల గుణము నేలనుబట్టి మాఱును. కృష్ణా డెల్టాలోని తడి నల్లరేగడియందు నేలనిరోధకత పది ఓమ్-మీటర్ల ప్రాంతమున నుండగా, తెలంగాణమందలి గ్రానైటు రాతినేలయందు వేలకొలది ఓమ్-మీటర్లుండును. ఒక్క గుంటతో విజయవాడయందు సాధించినదానిని హైదరాబాదు శివారున పదిగుంటలతో సాధింపలేకపోవచ్చును. వేసవి వచ్చినచో మఱింత కష్టము. లోహపు తిరుగుత్రోవకు ఋతుభేదము లేదు. మా దృష్టిలో ఇదియు దాని పక్షమున నొక బలమైన వాదము.

ఇక అధికప్రవాహరక్షణ విషయము. 500 కె.వి.ఎ. పరివర్తకము నుదాహరణముగ గైకొందము. దాని నిండుప్రవాహము 11,000 వోల్టుల వైపున సుమారు 26 ఆంపియర్లు, 433 వోల్టుల వైపున సుమారు 667 ఆంపియర్లు. దాని అంతర్నిరోధమును శాతములలో చెప్పుట ఆచారము; ఈ పరిమాణమునకు 4.5 శాతము సామాన్యము. గౌణవైపు కొనలయొద్దనే మూడు ఫేజులును ఒకదానినొకటి తాకినచో 667ను 0.045తో భాగింపగా సుమారు 14,800 ఆంపియర్లు పాఱును. ఇంతటి ప్రవాహమును చుట్టలు రెండు సెకనులు మాత్రము ఓర్చునట్లు నిర్మాణప్రమాణములు విధించుచున్నవి.

ఎగువవైపున ఫ్యూజుండగా దిగువవైపు దోషమును కూడ అదియే తెంచును గదా యని తలచుట సహజము. ఊళ్లలోని చిన్న పరివర్తకములకు ఎ.బి. స్విచ్చి, దాని క్రింద హెచ్.జి. ఫ్యూజులు చూచి అలవాటుపడినవారికి ఈ తలంపు మఱింత సహజము. ఇది రెండు కారణములచే చెల్లదు. పరివర్తకమును క్రొత్తగా సరఫరాతో కలిపినపుడు ఇనుపదిమ్మె అయస్కాంతీకరణము పొందునంతలో నిండుప్రవాహమునకు ఎనిమిది పది రెట్లు క్షణకాలము పాఱును. ఇది దోషము కాదు. దీనికి కరగకుండుటకై ఎగువ ఫ్యూజును 26కు దగ్గఱగా కాక 40, 50 ఆంపియర్లకు పెట్టవలసివచ్చును. రెండవ కారణము డెల్టా-స్టారు అమరికయందున్నది. ఒక గౌణచుట్టకు 250 వోల్టులు, దాని జత ప్రధానచుట్టకు 11,000 వోల్టులు. అనగా 44 రెట్లు. దిగువ నొక ఫేజు తొడుగును తాకి, తిరుగుత్రోవ బలహీనమగుటచే 1,500 ఆంపియర్లు మాత్రమే పాఱినవనుకొందము. ఎగువన కనబడునది 1,500ను 44తో భాగింపగా వచ్చు 34 ఆంపియర్లు; అదియును రెండు తీగలలోనే. 50 ఆంపియర్ల ఫ్యూజునకు ఇది మామూలు భారమువలెనే తోచును. దిగువన 1,500 ఆంపియర్ల మెఱుపు కడ్డీలను కరగించుచుండగా ఎగువ ఫ్యూజు చల్లగానే యుండును. భూదోషమును కనిపెట్టు రిలేను 11,000 వోల్టుల వైపున పెట్టినను ఫలము లేదు. డెల్టా చుట్టలు ఆ జాతి ప్రవాహమును తమలోనే త్రిప్పుకొని ఎగువతీగలకు తెలియనీయవు. ఒకచోట గూఢమైనదానిని వేఱొకచోట వెదకినట్లగును.

కావున దిగువవైపునకు దిగువవైపుననే కాపరి యుండవలెను. గౌణవైపు బ్రేకరు అధికభారమును చూచుకొనును. భూదోషమునకు తటస్థబిందువునుండి భూసంధానమునకు పోవు పట్టీచుట్టు నొక ప్రవాహపరివర్తకమును తొడిగి, దానికి రిలేను కలుపుదురు. దోషప్రవాహమంతయు ఏ త్రోవన పోయినను తుదకు ఆ పట్టీగుండ ఇల్లు చేరవలసినదే. వీథిమొగలో నిలుచున్న కావలివానివలె ఆ రిలే దానిని పట్టుకొనును. ఇది బ్రేకరునకును, అవసరమైనచో 11,000 వోల్టుల బ్రేకరునకును ఆజ్ఞ నీయగలదు. ఇక రిలేలన్నియు ఒకేమాఱు తెంచినచో నొక మోటారు చెడినందుకు కర్మాగారమంతయు చీకటియగును. అందుచే ప్రవాహము పెరిగినకొలది కాలము తగ్గు రిలేలను వాడుచు, ఎగువదానికి దిగువదానికన్న 0.3 లేక 0.4 సెకను జాగు అధికముగ నిత్తురు. ప్రామాణికమైన రిలే కాలగుణకము ఒకటిగ నున్నపుడు, పెట్టిన హద్దునకు రెండురెట్ల ప్రవాహమునకు పది సెకనులును, పదిరెట్లకు మూడు సెకనులును తీసికొనును. పరివర్తకముయొక్క తొట్టెలోపల పుట్టు దోషములకు నూనెనుండి వెలువడు వాయువునుబట్టి పసిగట్టు బుకోల్జ్ రిలే వేఱుగ కలదు. 1921లో మాక్స్ బుకోల్జ్ అను జర్మను కల్పించిన ఆ సాధనము నేటికిని చెక్కుచెదరలేదు.

తటస్థమును భూసంధానముతో కలుపు ముడి ఒక్కచోటనే యుండవలెను. అది పరివర్తకమునొద్దనో ప్రధానపలకయందో యుండవచ్చును. మంచిపని ఎంత చేసిన అంత మంచిదని కొందఱు ప్రతి పలకయందును నల్లవైరును పచ్చవైరుతో కలుపుచుందురు. అపుడు మామూలు భారప్రవాహమే రెండుగ చీలి కొంత ఇనుప దూలములగుండ, గొట్టములగుండ తిరుగును. ముందు చెప్పిన కావలివాని కన్నుగప్పి కొంత దోషప్రవాహము ప్రక్కత్రోవన పోవును. రిలే హద్దును లెక్కించి పెట్టినను, పెట్టిన లెక్కకు అర్థముండదు.

తటస్థమును భూమితో నేరుగ కలుపక, నిరోధకముగుండ కలుపు పద్ధతియు కలదు. 3,300, 6,600 వోల్టుల పెద్ద మోటారులకు దిగుపరివర్తకములయందు దోషప్రవాహము చుట్టల యినుమును కరగింపకుండుటకై ఇట్లు చేయుదురు. అచ్చట ఫ్యూజు కరగుటపై ఆశ మొదటినుండియు లేదు, రిలేయే దిక్కు. అసలే కలుపని పద్ధతిలో ఒక ఫేజు తొడుగును తాకినను యంత్రము ఆగదు, కాని తక్కిన రెండు ఫేజులు భూమికి 250 వోల్టులనుండి 433 వోల్టులకు ఎగయును. రెండవ దోషము వచ్చువఱకు మొదటిది తెలియకపోవచ్చును. మొదటి దోషమును వెంటనే వెదకి బాగుచేయు సిబ్బంది యున్నచోట తప్ప దీనిని అవలంబింపరాదు.

చట్టముయొక్క భాషను కూడ నిచ్చట పరిశీలింపవలసియున్నది. 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 61వ నియమము తటస్థమునకును, మోటారుల పరివర్తకముల చట్రములకును, భూమితో రెండు వేఱువేఱు సంబంధములుండవలెనని విధించినది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు, వాటి వెనుక 2023 నాటి నిబంధనలు ఆ స్థానమును ఆక్రమించినవి. భూసంధానపద్ధతిని వివరించు 3043వ భారతీయ ప్రమాణము 1966లో వెలువడి, 1987లోను 2018లోను సంస్కరింపబడినది. ఆ ప్రమాణమును చదివినవానికి గుంటలను లోహముతో పరస్పరము కలుపవలెనని తెలియును. నియమమును మాత్రము చెవినిబెట్టుకొన్న పనివానికి 'రెండు సంబంధములు' అనగా రెండు గుంటలే. తటస్థమునకు రెండు, తొడుగులకు రెండు, మొత్తము నాలుగు గుంటలు త్రవ్వి, వాటి నడుమ పట్టీ వేయక విడిచినచో నియమమందలి యక్షరము నెఱవేఱినట్లే కనబడును; మన మొదటి లెక్కయందలి 200 వోల్టులును అట్లే నిలిచియుండును.

ఆ నాలుగు గుంటలను కలుపు పట్టీకి, లేక ప్రధానపలకయందు నల్లవైరునకును పచ్చవైరునకును నడుమనుండు ముక్కకు, తెలుగున స్థిరమైన పేరు లేదు. గుంటకు పేరున్నది, ఉప్పునకు బొగ్గునకు పేర్లున్నవి, ఫ్యూజు పోయినదనియు ఎగిరినదనియు చెప్పుటకు క్రియలున్నవి. అన్నిటికన్న ముఖ్యమైన లోహఖండము మాత్రము అనామకము. పేరు లేనిదానిని సామానుల జాబితాలో వ్రాయరు, తనిఖీలో అడుగరు.

పరిభాష విషయమున మా సూచనలు స్వల్పములు. ఫ్యూజు, బ్రేకరు, రిలే అను మాటలను మార్పనక్కఱలేదు. 'ఫ్యూజు' లాటినుభాషలో కరగుట యను నర్థమునుండి పుట్టినది. దానికి సంస్కృతమున మఱొక కరగుటను కల్పించినందువలన ఎవరికిని మేలు లేదు. 'ఎర్తు' అను మాట నొకదానిని మాత్రము విడదీయవలెను. మన్నుతో కలుపుటకు 'భూసంధానము' అనియు, లోహమార్గమున తటస్థబిందువుతో కలుపుటకు 'తటస్థబంధము' అనియు వాడవచ్చును. సంధానము చేర్చుట, బంధము వీడకుండ కట్టుట. ఈ ఛాయాభేదము ఇచ్చట సరిగా అతుకును. ఆ పట్టీని 'బంధపు పట్టీ' యన్నచో పనివాని నోట నిలుచును. 'భూమి తీగ' యను మాట కొన్నిచోట్ల వాడబడుచున్నది. అది మఱల మన్నునే స్ఫురింపజేయును గాన 'తిరుగుతీగ' మేలని మా యభిప్రాయము. 'కరెంటు భూమిలోకి పోతుంది' అను వాక్యమును పిడుగుపాఠమునకు పరిమితము చేసి, పరివర్తకపు పాఠమున 'కరెంటు పుట్టినచోటికే తిరిగి వచ్చును' అని వ్రాయవలెను.

కర్మాగారములయందు ప్రతి ఎర్తుగుంటయొద్దను చిన్న పలకపై గుంట సంఖ్య, నిరోధము, కొలిచిన తేది వ్రాసియుంచు ఆచారము కలదు. ఆ పలకపై గుంటనిరోధముక్రింద మఱొక గడి గీచి, ఆ గుంటనుండి తటస్థబిందువువఱకు బంధపు పట్టీగుండ కొలిచిన నిరోధమును కూడ వ్రాయుటకు అధికముగ పట్టునది ఒక మీటరు, కొన్ని నిమిషములు. గుంటగడియందు 4 అనియు బంధపు గడియందు 0.1 అనియు ప్రక్కప్రక్కన చదివిన శిక్షణార్థికి, రెండవ యంకెయే ఫ్యూజును కరగించునని వేఱుగ బోధింపవలసిన పని యుండదు.